పదకొండు సార్లు వంటింటి గుమ్మం దాకా

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు, ఆటలు సాఫీగా సాగేలా సాయం చేయడం నా పని. ఎక్కువగా ఆరేళ్ళ లోపు పిల్లలతో పని చేస్తాను. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నా మొదటి ప్లాన్ పూర్తిగా తప్పడం. ఆ ప్లాన్ చూస్తే ఇప్పటికీ బాగానే కనిపిస్తుంది, తప్పెక్కడో కాగితం మీద తెలియదు. కుటుంబం అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. బాబును చిన్నా అంటాను.

ఇల్లు

హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాట్. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. చిన్నాకు మూడేళ్ళ నాలుగు నెలలు, చెల్లికి ఏడు నెలలు. తల్లి ఇంటి నుంచే పని చేస్తుంది, పొద్దున 8 నుంచి సాయంత్రం 5 వరకు. 26 వారాల మెటర్నిటీ లీవు అయిపోయి నెల దాటింది. తండ్రిది మధ్యాహ్నం షిఫ్టు. ఒంటిగంటకు బయలుదేరితే ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండు. నానమ్మకు అరవై దాటాయి, రెండు మోకాళ్ళూ నొప్పులు. కింద కూర్చుంటే లేవలేదు.

చిన్నా తొమ్మిదిన్నరకు ప్లేస్కూల్‌కి వెళ్ళి పన్నెండున్నరకు వచ్చేస్తాడు. అక్కడి నుంచి రాత్రి పడుకునే దాకా ఇల్లే.

వాళ్ళు చెప్పిన సమస్య

"వీడికి ఏం కొన్నా పది నిమిషాలే మేడమ్" అన్నది తల్లి కూర్చుంటూనే. ఆమె చెప్పిన జాబితా పొడుగ్గానే ఉంది. ఫోన్ లేకపోతే అన్నం తినడు. వస్తువులు విసురుతాడు, ముఖ్యంగా స్టీలు గ్లాసులు, రిమోట్. ఆమె మీటింగ్‌లో ఉంటే తలుపు బాదుతాడు. చెల్లికి పాలిస్తుంటే కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఒక్కడే ఆడుకోవడమన్నది లేదు.

తండ్రి మధ్యలో ఒకే మాట అన్నాడు: "మా అమ్మే ఫోన్ అలవాటు చేసింది." నానమ్మ ఆ పూట రాలేదు. అక్కడ లేని మనిషి మీద నేరం పడిందంటే నాకు కాస్త అనుమానమే, ఆ మాట పక్కన రాసి పెట్టుకున్నాను.

వాళ్ళు అప్పటికే రెండు పనులు చేసి చూశారు. బొమ్మలు కొన్నారు, నెలకు ఒకటి రెండు చొప్పున. ఒక శుక్రవారం ఫోన్ పూర్తిగా దాచేశారు. అది మూడు రోజులు నడిచింది. సోమవారం మధ్యాహ్నం పిల్లాడు రెండు ముద్దలు కూడా తినకపోయేసరికి నానమ్మ తలుపేసి ఫోన్ ఇచ్చింది. ఈ సంగతి తల్లికి వారం తర్వాత తెలిసింది. ఆ వారమంతా అత్తాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ.

ముందు చూసుకున్నవి

ఇలాంటి ఫిర్యాదుతో వచ్చిన పిల్లలందరికీ "ఫోన్ మాన్పించండి, ఆటలు ఆడించండి" అని పంపేయకూడదు. మాట సరిగ్గా రాకపోవడం, వినికిడి లోపం, ఆటిజం, ఇవన్నీ కూడా "ఒక్కచోట నిలవడు, విసురుతాడు" అనే రూపంలోనే తలుపు తడతాయి. చిన్నా మూడు నాలుగు మాటల వాక్యాలు చెబుతున్నాడు. కిటికీలోంచి క్రేన్ కనబడితే వేలు పెట్టి చూపించి, నేను చూశానా లేదా అని నా ముఖం చూశాడు. అరటిపండును చెవి దగ్గర పెట్టుకుని "హలో" అన్నాడు. చూసింది ఎదుటివాళ్ళకు చూపించడం, ఊహతో ఆడడం, ఈ రెండూ ఆటిజం అనుమానాన్ని తగ్గించే ముఖ్యమైన గుర్తులు. చిన్నప్పుడు చెవిలో చీము పట్టిందని చెప్పారు కాబట్టి వినికిడి పరీక్ష చేయించమన్నాను, మామూలుగానే వచ్చింది. బరువు, రక్తం పిల్లల డాక్టరు చూశారు, ఇబ్బంది లేదన్నారు.

అంటే పిల్లాడి ఎదుగుదలలో లోపం కనబడలేదు. ఇక మిగిలింది ఇంట్లో రోజు ఎలా నడుస్తోందన్నది. ఇక్కడ నేను తొందరపడ్డాను.

నా మొదటి ప్లాన్

వారానికి పన్నెండు ఆటలతో రంగురంగుల చార్టు ఇచ్చాను. రంగు నీళ్ళు పోసుకోవడం, పప్పులు వేరు చేయడం, వేలి ముద్రలతో బొమ్మలు, క్లిప్పులు పెట్టడం, కాగితం చింపి అతికించడం. ఒక్కో ఆటకు ఏం కావాలో, ఎంత సేపో, వేళ్ళకు ఏ పని నేర్పుతుందో కూడా రాశాను. చాలా మంది తల్లులకు అలాంటి చార్టు ఇస్తే సంబరపడతారు. ఈ తల్లి కూడా పడింది.

తొమ్మిది రోజులకు మానేసింది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పినట్టు మాట్లాడింది. "నాదే తప్పు మేడమ్, చేయలేకపోతున్నా" అంది. ఏం జరిగిందో అడిగితే లెక్క బయటపడింది. రాత్రి పిల్లలిద్దరూ పడుకున్నాక మర్నాటి ఆటకు సిద్ధం చేయడానికి నలభై నిమిషాలు. మర్నాడు పిల్లాడు ఆడింది ఆరు నిమిషాలు. తర్వాత నేల తుడవడానికి పదిహేను. పైగా పప్పుల ఆట మొదటి రోజే ఆపేశారు, పాకడం మొదలుపెట్టిన చెల్లి ఒక శనగగింజ అందుకుంది. ఇంట్లో ఏడు నెలల పాప ఉందని నా నోట్సులో నేనే రాసుకున్నాను. పప్పుల ఆట కూడా నేనే రాసిచ్చాను.

ఆలోచిస్తే ఇంకో తప్పు కనబడింది. ఆ పన్నెండు ఆటల్లో ప్రతిదానికీ పెద్దమనిషి ప్రేక్షకుడిగా కావాలి. "చూడు అమ్మా", "భలే చేశావ్". అమ్మ లేచి వెళ్ళగానే ఆట అయిపోతుంది. అసలు వాళ్ళు నా దగ్గరికి వచ్చిందే అమ్మ లేచి వెళ్ళవలసిన గంటల కోసం. నేను ఆమెకు సాయం చేయలేదు, ఇంకో ఉద్యోగం ఇచ్చాను.

బుట్ట

తర్వాత రెండు వారాలు చిన్న మార్పు ఒకటే అడిగాను: బొమ్మలు తగ్గించండి. హాల్లో మూడు అరలు నిండా బొమ్మలు. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ టొలీడో పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఉంది. 36 మంది చిన్నపిల్లలకు ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువ సేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. చిన్న అధ్యయనమే, దాని మీద గోపురాలు కట్టకూడదు. కానీ ఇళ్ళలో నేను చూసేదీ అదే.

ఒక బుట్టలో అయిదు వస్తువులు, మిగతావి అటక మీద, ఆదివారం ఆదివారం మార్చడం. నానమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. "కొన్నవి దాచేస్తే ఎలాగమ్మా, పిల్లాడు లేని ఇల్లులా ఉంది" అంది. ఆవిడ మాటలో సగం నిజమే. ఆ బొమ్మల్లో చాలా వరకు మేనమామ, అత్తలు ఇచ్చినవి. ఆవిడకు అవి బొమ్మలు కాదు, మనుషులు.

ఫలితం సగం సగం వచ్చింది. పొద్దున ప్లేస్కూల్‌కి వెళ్ళే ముందు చెక్క దిమ్మెలతో ఇరవై నిమిషాల దాకా ఆడడం మొదలుపెట్టాడు. సాయంత్రం మాత్రం ఏమీ మారలేదు. విసరడం తగ్గలేదు. బొమ్మలు ఎక్కువ కావడం ఒక్కటే కారణమైతే సాయంత్రం కూడా కాస్తయినా మారాలి కదా. అందుకే అప్పుడు అడిగాను, సాయంత్రం నేను ఇంటికి రావచ్చా అని. ఈ మాట మొదటి వారంలోనే అడిగి ఉండాల్సింది.

సాయంత్రం 5:15

వెళ్ళే ముందు వారం రోజులు ఒక చీటీ రాయమన్నాను. ఫోన్ ఎప్పుడు చేతికి వచ్చింది, ఆ నిమిషంలో ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు. పిల్లాడు ఏం చేశాడో రాయొద్దన్నాను. ఆ భాగం అందరికీ నోటికి వచ్చు.

చీటీ చూస్తే రోజూ అయిదు సార్లు, దాదాపు అవే వేళలు. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు. తిన్నాక నానమ్మ నడుం వాల్చేటప్పుడు, అది మూడింటి దాకా సాగేది. సాయంత్రం వంటప్పుడు. రాత్రి అన్నానికి. పాపను నిద్రపుచ్చేటప్పుడు. మొత్తం సుమారు అయిదు గంటలు. అయిదింటిలో పిల్లాడు అడిగి తీసుకున్నది రెండే. మూడుసార్లు అడక్కుండానే చేతికి వచ్చింది.

నేను కూర్చున్నది హాల్లో, సోఫా మూల. నేను ఉన్నంతసేపూ ఫోన్ ఇవ్వొద్దన్నాను. చిన్నా నిద్ర లేచింది అయిదింటికి. తల్లి లాప్‌టాప్ మూసి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పాప చీర ఉయ్యాలలో. నానమ్మ దివాన్ మీద కూర్చుని కాలితో ఉయ్యాల ఊపుతోంది. చిన్నా బుట్ట దగ్గర కూర్చున్నాడు, కారు తీశాడు, లేచాడు, వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. "నాన్నా, స్టవ్వు ఉంది, హాల్లో ఆడుకో." వెనక్కి వచ్చాడు.

యాభై నిమిషాల్లో అలా పదకొండు సార్లు వెళ్ళాడు. నేను గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. మొదటి మూడుసార్లు ఊరికే నిలబడ్డాడు. తర్వాత కారు తీసుకెళ్ళి చూపించాడు. ఏడోసారి "నేనూ" అన్నాడు. అప్పుడు ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పదకొండోసారి వెనక్కి పంపాక టీపాయ్ మీద ఉన్న స్టీలు గ్లాసు తీసి విసిరాడు. అది గోడకు తగిలి మోగగానే తల్లి చేయి తుడుచుకుంటూ వచ్చింది, నానమ్మ కష్టపడి లేచింది, పాప ఏడ్చింది. నిమిషంలో ఇంటిల్లిపాదీ వాడి చుట్టూ ఉన్నారు.

పదకొండు సార్లు మర్యాదగా అడిగితే దొరకనిది ఒక్క గ్లాసుతో దొరికింది. నేను ఆ పిల్లాడినైతే నేనూ గ్లాసే ఎంచుకుంటాను.

అక్కడ నాకు సమస్య తిరగబడి కనిపించింది. ఈ ఇంట్లో పెద్దవాళ్ళందరూ "వాణ్ణి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టి ఆడించడం ఎలా" అని అడుగుతున్నారు, నేనూ అదే ప్రశ్నకు జవాబులు రాసిస్తున్నాను. వాడు మాత్రం ఆట అడగడం లేదు. పని జరిగే చోటికి రానివ్వమంటున్నాడు. మూడేళ్ళ పిల్లాడికి ఇంట్లో అన్నింటికన్నా ఆసక్తికరమైన చోటు వంటిల్లే. నిప్పు, నీళ్ళు, చప్పుడు, వాసన, అమ్మ, అన్నీ అక్కడే ఉంటాయి. ప్లాస్టిక్ వంటసామాను సెట్టు వాడికి అప్పటికే రెండు ఉన్నాయి, రెండూ అటక మీదే.

గీత

తల్లికి చెప్పగానే మొదటి మాట "కుక్కర్ ఉంటుంది మేడమ్" అని. సరైన భయమే. వంటింట్లో కాలిన పిల్లలను నేనూ చూశాను. అందుకే ముందు చోటు, తర్వాతే పని. స్టవ్వుకు ఎదురు మూల ఫ్రిజ్ పక్కన ఒక పీట. దాని ముందు నేల మీద ఎర్ర టేపుతో గీత. పీట మీద కూర్చుని చేయి చాపితే కత్తిగానీ గిన్నెగానీ అందకూడదు. చాపి కొలిచి చూశాం. స్టవ్వు మీద గిన్నెల కాడలు లోపలికి తిప్పి ఉంచాలి, వెనక బర్నరే వాడాలి. గీత దాటితే పని ఆగుతుంది, తిట్లు ఉండవు. అంబలి కాచేటప్పుడు, నూనె మరిగేటప్పుడు పీటకు సెలవు.

ఏ పని ఇవ్వాలి అన్నది నేను చెప్పలేదు. ఆ రోజు ఆమె ఎలాగూ చేసే పనిలో ఒక ముక్క ఇవ్వమన్నాను. చార్టు తప్పింది అక్కడే కాబట్టి, ఈసారి ఆమెకు సిద్ధం చేసుకోవలసినది ఏమీ ఉండకూడదని నా పట్టుదల. నవంబరు కావడంతో చిక్కుడుకాయలు, తర్వాత పచ్చిబఠాణీ వచ్చాయి. చిక్కుడు ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం, వెల్లుల్లి గడ్డ విడదీయడం, ఉల్లిపాయలు బుట్టలోంచి లెక్కపెట్టి ఇవ్వడం, చపాతీ పిండి ముద్ద పిసకడం. బఠాణీ మాత్రం పాప నిద్రపోతున్నప్పుడే, ఒలిచాక పీట కింద వెతికి లెక్క తేల్చాకే. వేరుశనగలు అసలు వద్దన్నాను. గింజలు నోట్లో పెట్టుకుని పరిగెత్తే వయసు వాడిది, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పాపది.

మొదటి రోజు ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాడు. తల్లి నాకు ఆ అంకె రాత్రి పదిన్నరకు మెసేజ్ చేసింది.

నాలుగో రోజు పాడైంది. వాడు దూసిన కరివేపాకు నలిగిపోయిందని పక్కన పెట్టి, ఆమె వేరే రెబ్బ తీసి పోపులో వేసింది. వాడు చూశాడు. అప్పుడేమీ అనలేదు. అన్నం దగ్గర "నాది ఏదీ?" అన్నాడు. పప్పులో ఆకు చూపిస్తే "ఇది నాది కాదు" అని కంచం తోసేశాడు. తల్లికి ఇది పెంకితనంలా అనిపించింది. నాకు మాత్రం ఈ కేసులో అన్నింటికన్నా విలువైన సమాచారం అదే. తనకు ఇచ్చింది నిజం పనా, ఊరడింపా అన్నది వాడికి తెలుస్తోంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. వాడు చేసింది కంచం దాకా రావాలి. నలిగినా సరే, ఒక ఈనె మిగిలినా సరే. నానమ్మ పళ్ళలో ఒకరోజు నిజంగానే ఈనె ఇరుక్కుంది. ఆవిడ అది తీసి చూపిస్తూ "ఎవరు తీశార్రా ఈ చిక్కుడు?" అంటే వాడు గర్వంగా చేయెత్తాడట.

రెండు వారాలు తిరిగేసరికి సాయంత్రం విసరడం దాదాపు పోయింది. రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు ఉండేది, ఒకటి రెండుకు వచ్చింది. నేను ఆశించినదానికన్నా వేగంగా.

అన్నం దగ్గర ఫోన్

ఫోన్ మాన్పించమని ఆ దాకా నేను ఒక్క మాటా అనలేదు. తండ్రికి అది నచ్చలేదు, "అసలు విషయం అదే కదా" అన్నాడు. నా వాదన ఇది. ఫోన్ అయిదు చోట్ల ఇంటిని మోస్తోంది. మోసేదాన్ని తీయాలంటే ముందు కింద ఇంకో గుంజ పాతాలి. వాళ్ళ శుక్రవారం ప్రయోగం కూలింది అందుకే. సాయంత్రానికి గుంజ దొరికింది, అక్కడ ఫోన్ ఎవరూ తీయకుండానే పోయింది. ఇప్పుడు అన్నం.

రాత్రి భోజనంతో మొదలుపెట్టాం, మధ్యాహ్నంతో కాదు. రాత్రి వాడు చేసిన కూర కంచంలో ఉంటుంది, మాట్లాడడానికి విషయం ఉంటుంది. తల్లి, నానమ్మ కూడా అదే వేళకు తినాలి, వాళ్ళ ఫోన్లు కూడా టేబుల్ మీద ఉండకూడదు. తినిపించడం ఆపి ముద్దలు కలిపి కంచంలో పెట్టడం. ఎంత తిన్నాడన్నది వాడిష్టం. అరగంటకు కంచం తీసేయాలి.

ముందే చెప్పాను: మూడో రోజు, నాలుగో రోజు ఇప్పటికన్నా ఘోరంగా ఉంటుంది, అలవాటు పోయే ముందు ఒకసారి గట్టిగా ఎగదన్నుతుంది. చెప్పకపోతే సరిగ్గా ఆ రోజే "ఇది పనిచేయడం లేదు" అని వదిలేస్తారు. మూడో రోజు రాత్రి అరగంట ఏడ్చి రెండు ముద్దలు తిని పడుకున్నాడు. నానమ్మ గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. పిల్లాడు ఆకలితో పడుకుంటే ఆ తరం మనిషికి అది నేరం. ఆవిడకు ధైర్యం చెప్పింది నేను కాదు, పిల్లల డాక్టరు. పదిరోజులకోసారి బరువు చూస్తానన్నారు. బరువు తగ్గలేదు. ఆరో రోజుకు మామూలుగా తినడం మొదలైంది. ఆ తర్వాతి వారం మధ్యాహ్నం.

మధ్యాహ్నం ఫోన్ పోయేసరికి నేను ఊహించనిది జరిగింది. ఫోన్ చూస్తూ మూడింటి దాకా మేలుకునే పిల్లాడు ఒకటిన్నరకే నిద్రపోయాడు. మూడింటికి లేచాడు. రాత్రి పదకొండుకు పడుకునేవాడు తొమ్మిదిన్నరకు పడుకోవడం మొదలుపెట్టాడు. మూడు నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన. వాడికి గంటలు అంతకుముందూ సరిపోతున్నాయి, వేళలే పక్కకు జరిగి ఉన్నాయి. రాత్రి పాపను నిద్రపుచ్చేటప్పుడు ఫోన్ ఇచ్చే అవసరం దానంతట అదే తప్పింది, వాడు అప్పటికి పడుకునే ఉంటున్నాడు.

కానీ మూడు నుంచి అయిదు దాకా కొత్తగా రెండు గంటలు తెరుచుకున్నాయి. తల్లి ఆఫీసు పనిలో ఉండే రెండు గంటలు. అందులో నాలుగింటి నుంచి ముప్పావుగంట పాటు రోజూ తప్పని మీటింగ్.

నానమ్మ కొట్టు

నానమ్మతో నేను విడిగా కూర్చుని మాట్లాడింది అప్పుడే. ఆలస్యమే. "అమ్మగారూ, మీకు ఏది కష్టం?" అని అడిగాను. "వాడు బాల్కనీ వైపు పరిగెత్తితే నేను అందుకోలేనమ్మా" అంది. నాలుగో అంతస్తు. ఫోన్ ఇస్తే వాడు ఒక్కచోట ఉంటాడు. ఆవిడ ఫోన్ అలవాటు చేసింది ముద్దుతో కాదు, భయంతో. ఈ మాట కొడుకు, కోడలు ఇద్దరూ మొదటిసారి విన్నారు. ఆ ఆదివారమే బాల్కనీకి గ్రిల్ గేటు, పైన గడియ పెట్టించారు.

ఇక ఆవిడ కూర్చునే ఉండాలి, వాడు కదలాలి. అలాంటి ఆట ఏదుందా అని నేను ఆలోచిస్తుంటే ఆవిడే తేల్చేసింది. "మా నాన్నది కొట్టు కదమ్మా." పెళ్ళికి ముందు ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చునేదట. దివాన్ మీద ఆవిడ, హాలు ఆ చివర వాడి కొట్టు. ఖాళీ పేస్టు డబ్బాలు, సబ్బు పెట్టెలు, పాత స్టీలు డబ్బాలు, బట్టల హ్యాంగర్‌కు రెండు గిన్నెలు కట్టి తక్కెడ. ఆవిడ కేక వేస్తుంది: "కిలో కందిపప్పు ఎంత?" "పది." "అంతా? అయిదుకిస్తావా?" "ఇవ్వను." సరుకు మోసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతాడు. కొన్నాళ్ళకు అప్పు ఖాతా కూడా వచ్చింది. అప్పు కావాలంటే గోడకు అంటించిన కాగితం మీద గీత గీయాలి.

నా పన్నెండు ఆటల చార్టులో ఇంత మాట, ఇంత లెక్క, ఇంత నడక ఎక్కడా లేవు.

మీటింగ్ ముప్పావుగంట టీవీకి వదిలేశాను. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, ఆ గంట లోపే ఇది. ఫోన్ కాకుండా టీవీయే ఎందుకంటే, అది దివాన్ మీద నుంచి నానమ్మకూ కనబడుతుంది, ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడవచ్చు, అన్నింటికీ మించి అది జేబులో పెట్టుకుని గదిలోకి వెళ్ళేది కాదు. ఆపడానికి గడియారం చూపించొద్దన్నాను. "రెండు కథలు అయ్యాక" అంటే మూడేళ్ళ వాడికి అర్థమవుతుంది, "ముప్పావుగంట" అర్థం కాదు. తల్లి మాత్రం మీటింగ్‌కు ముందు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి వాడితోనే గడపాలి. తలుపు వేసుకుని ఆ తర్వాత బుజ్జగించడం కన్నా ముందే కాస్త కడుపు నింపి వెళ్ళడం తేలిక. తలుపు బాదడం పూర్తిగా పోలేదు గానీ వారానికి ఒకటి రెండు సార్లకు వచ్చింది.

కదలిక గురించి ఒక్క మాట. ఈ వయసుకు రోజంతా కలిపి మూడు గంటలు కదలాలి, అందులో గంట పాటు ఆయాసం వచ్చేలా. ఫ్లాట్‌లో అది కుదరడం కష్టం. తండ్రి బండి మానేసి పొద్దున నడిపించి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు, ఒకవైపు పన్నెండు నిమిషాలు. దారిలో మూడు కుక్కలు, ఒక ఇసుక కుప్ప, ఒక ఆవు. ఇప్పుడా నడక తండ్రిది, ఇంకెవరినీ రానివ్వడు.

సంక్రాంతి, ఆ తర్వాత

పండక్కి ఊరెళ్ళారు. ఆరు రోజులు ఒక్క బొమ్మ అడగలేదని, ఫోన్ ఊసే లేదని తల్లి ఆనందంగా చెప్పింది. తండ్రి అయితే "పల్లెటూళ్ళే నయం మేడమ్" అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో ఎనిమిది మంది పెద్దవాళ్ళు, ఆరుగురు పిల్లలు, వాకిలి, గడ్డివాము. ఎవరో ఒకరి చూపు ఎప్పుడూ పిల్లాడి మీద ఉంటుంది, అది ఎవరికీ పనిలా అనిపించదు. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళు అదే పని ఉద్యోగంతో, మోకాలి నొప్పులతో చేస్తున్నారు. పోలిక పెట్టి వాళ్ళను చిన్నబుచ్చడం అన్యాయం.

తిరిగొచ్చాక పాపకు జ్వరం. నాలుగు రోజులు ఇల్లంతా తలకిందులు, ఫోన్ మళ్ళీ అన్నం దగ్గరికి వచ్చింది. తల్లి నాకు చెప్పడానికి సిగ్గుపడింది. జ్వరం ఇంట్లో ఫోన్ ఇస్తే ఏమీ కాదని చెప్పాను. జ్వరం తగ్గిన రోజు సాయంత్రం పీట ఫ్రిజ్ పక్కన వేయండి, అంతకు మించి ఏమీ చేయొద్దు అన్నాను. ఒకరోజు ఏడ్చాడు. రెండో రోజు తనే పీట లాక్కున్నాడు.

పద్నాలుగు వారాలకు

ఫోన్ ఆదివారాలు మినహా లేదు. టీవీ ముప్పావుగంట. ఒంటరిగా ఆడుకోవడం పొద్దున ఇరవై అయిదు నిమిషాల దాకా. చెల్లికి పాలిచ్చేటప్పుడు ఏడుపు మాత్రం తగ్గలేదు. దానికి నా దగ్గర కిటుకు లేదు, ఉందని చెప్పను కూడా. ఆదివారం తండ్రి ఇంట్లో ఉంటాడు, ఫోన్ బయటికి వస్తుంది. అది తండ్రి, పిల్లాడు ఇద్దరి సంగతి. తండ్రితో మాట్లాడాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నా పద్ధతిలో మార్చుకున్నవి మూడు. చార్టు ఇచ్చే ముందు ఇల్లు చూస్తున్నాను, అదీ గొడవ జరిగే వేళకే. కుదరకపోతే ఆ గంటను వీడియో తీసి పంపమంటున్నాను. ఏదైనా చెప్పే ముందు "దీనికి రాత్రి సిద్ధం చేసుకోవలసినది ఏమైనా ఉందా" అని నన్ను నేనే అడుగుతున్నాను. ఉంటే ఆ సలహా కొట్టేస్తున్నాను. రోజంతా పిల్లాడి దగ్గర ఉండే మనిషి మొదటి సిట్టింగ్‌కు రాకపోతే ఇంకో రోజుకు మారుస్తున్నాను. నానమ్మ మొదటి రోజే వచ్చి ఉంటే బాల్కనీ సంగతి మొదటి రోజే తెలిసేది.

ఆగస్టులో తల్లి ఒక ఫోటో పంపింది. చిన్నాకు నాలుగేళ్ళు దాటాయి, చపాతీకర్ర చేతిలో ఉంది. ఎర్ర టేపు అరిగి సగం లేచిపోయింది. గీతకు ఇవతల పదహారు నెలల చెల్లి నిలబడి, ఒక చేత్తో అన్న చొక్కా పట్టుకుని, ఇంకో చేయి పిండి గిన్నె వైపు చాపింది. కింద తల్లి ఒకే వాక్యం రాసింది: "మేడమ్, రెండో పీట ఎక్కడ వేయాలి?" ఆ వంటింట్లో ఇంకో పీటకు చోటు లేదు. వచ్చే శనివారం కొలత టేపు పట్టుకుని వెళ్తున్నాను.